బొల్లి మెచ్చిన రేడియో

రేడియో కొనాలంటే గొర్రెను వెంట తీసుకుపోవాలని మా అవ్వకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పి ఉండరు. ఆమెకు తోచింది, తోచిన మాట పైకి అనేసింది. ఆమె అన్న తర్వాత కాదనే మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు. ఆ రోజు హిందూపురం బజారులో ముందు అవ్వ, ఆమె చేతి తాడు చివర గొర్రె, దాని వెనక నాయన, అందరికన్నా వెనక సిగ్గుతో తల వంచుకొని నేను నడిచాం. అదే బజారులో మొన్న మా కల్పనతో కలిసి రేడియోల షాపు వెతుక్కుంటూ నడుస్తుంటే, నా ముందు తాడు పట్టుకొని ఎవరో పోతున్నట్టే అనిపించింది.

కల్పన ధర్మవరంలో ఉండే మా తమ్ముడి కూతురు. అడవి జంతువుల చదువు చదివింది. పెనుకొండకూ రొద్దానికీ మధ్య ఉన్న గుట్టల్లో తోడేళ్ళు ఎన్ని మిగిలాయో చూసి రాసే పని దొరికింది ఆమెకు. తోటి అమ్మాయిలతో కలిసి గుడారం వేసుకొని అక్కడే ఉండాలట. "ఆడ ఫోన్ పనిచేయదత్తా. వాన కబురు తెలియాలన్నా, మనిషి మాట చెవిన పడాలన్నా రేడియో ఒకటి ఉండాల. నువ్వు తోడొస్తే కొనుక్కుంటా" అని నా ఇంటికి వచ్చింది. ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వచ్చే వస్తువుకు ఈ వయసు అత్తను ఎండలో తిప్పడం ఎందుకని అడిగాను. చేత్తో పట్టుకొని, చెవితో విని కొనాలని నేనే ఎప్పుడో చెప్పానట. చెప్పే ఉంటాను. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఆమెకు చెప్పలేదు.

మా తమ్ముడికి ఈ ప్రయాణం ససేమిరా ఇష్టం లేదు. "నువ్వన్నా చెప్పక్కా. తోడేళ్ళుండే తావుకు ఆడపిల్లను ఎట్ల పంపేది?" అని ఫోన్లో నాతో గొడవపడ్డాడు. "మన అవ్వ తోడేళ్ళుండే తావులోనే నాయన్ను కనిందిరా, మర్చిపోతివా" అని నోరు మూయించాను. వాదించడానికైతే వాదించాను గానీ నాకూ లోపల బెదురుగానే ఉంది. సందె వేళ ఆ గుట్టల కింద వెలుగు ఎంత తొందరగా తగ్గిపోతుందో, అప్పుడు మనిషికి ఎంత ఒంటరిగా ఉంటుందో నాకు తెలుసు. చివరికి బజారులో షాపు దొరికింది. షాపతను గాజు బల్ల మీద నాలుగు రకాల రేడియోలు పెట్టాడు. కల్పన ఒక్కోదాన్నీ ఎత్తి బరువు చూస్తూ, బ్యాటరీ మూత తీసి చూస్తూ ఉంటే, నేను స్టూలు మీద కూర్చొని ఆ పాత సందె వేళల్లోకి పోయాను.

మాది రొద్దం దగ్గరి పల్లె. జీవాలు కాసుకునే ఇల్లు. మా వైపు గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలంటారు. చెనక్కాయ పీకేసిన తర్వాత ఊరి చుట్టూ మేత అయిపోయేది. అప్పుడు మందను తోలుకొని ఇల్లు వదిలేవాళ్ళం. పగలంతా మేపుకుంటూ పోవడం, పొద్దు వాలేసరికి ముందే మాట్లాడుకున్న రైతు చేలో మందను పండబెట్టడం. తెల్లారేదాకా జీవాలు వేసే ఎరువు ఆ చేనికి బలం. దానికి బదులుగా రైతు మాకు రాగులో జొన్నలో కొలిచేవాడు. మరునాడు పక్క చేను. అట్లా పెనుకొండ గుట్టలు దాటి ధర్మవరం దిక్కుకు పోయి, వానలు పడేసరికి తిరిగి వచ్చేవాళ్ళం. బడి సెలవులు రాగానే నేనూ మందలో చేరేదాన్ని. ఇప్పటి పిల్లలు క్యాంపింగ్ అని ముచ్చటగా పోయేది మాకు సంవత్సరంలో సగం బతుకు. గుడారం లేదు. గాడిద మీద సంగటి కుండ, రాగిపిండి మూట, కంబళ్ళు, మంద చుట్టూ కట్టే వల, అంతే సామాను. మంచుకు తడిసిన కంబడి వాసన, పొయ్యిలో కాలే కంది కట్టె వాసన, అమ్మ రాతి మీద నూరే ఊరుబిండి పచ్చడి వాసన కలిస్తే మా ఇల్లు. గోడలు లేవన్న సంగతి నాకు అప్పట్లో తట్టనే లేదు.

వల బిగించిన తర్వాత నాయన మంద చుట్టూ తిరిగేవాడు. కుడి చేతిలో కట్టె, ఎడమ చెయ్యి నడుము వెనక పెట్టుకొని, ఏ తొందరా లేని నడక. తిరుగుతూ జీవాలతో మాట్లాడేవాడు. పాట కాదు, అదిలింపూ కాదు. "బొల్లీ, రవ్వంత ఆ పక్కకు జరుగు. ఏమే, నీ పిల్ల యాడుండాది? ఈ రైతు మంచోడు, రేపు మేతకు చెనక్కాయ కట్టె ఏస్తానన్యాడు" అని పొరుగింటివాళ్ళతో చెప్పినట్టు చెప్పేవాడు. బొల్లి అంటే మందకు పెద్ద దిక్కు లాంటి ముసలి గొర్రె. నల్లటి ముఖం మీద తెల్ల మచ్చ. అది ఎటు నడిస్తే మంద అటు నడిచేది. నాయన చుట్టు పూర్తి అయ్యేసరికి అది ముందు కాళ్ళు మడిచి కూలబడి, కళ్ళు సగం మూసుకొని నెమరు మొదలుపెట్టేది. బొల్లి నెమరు వేసిందంటే మందంతా కుదుటపడినట్టే. అప్పుడే అమ్మ కుండ దింపి సంగటి కెలికేది. నాకు ఆకలిగా ఉన్న రోజుల్లో నేను పొయ్యి వైపు చూసేదాన్ని కాదు, బొల్లి దవడ వైపు చూసేదాన్ని.

అట్లాంటి నాయనకు గొంతులో గడ్డ లేచింది. పెద్దాసుపత్రిలో కోసి తీశారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది. నోరు తెరిస్తే మాట రావలసిన చోట గాలి వచ్చేది. ఇంట్లో మేము పెదవులు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకున్నాం. బయటివాళ్ళ ముందు మాత్రం ఆయన నోరు తెరవడం మానేశాడు.

ఆ ఏడు బడి మాన్పించి నన్నూ మొదటి నుంచే వెంట తీసుకుపోయారు. మందతో బయలుదేరిన మొదటి చేలోనే కష్టం మొదలైంది. నాయన వల బిగించి, పొయ్యి పక్కకు వచ్చి, మందకు వీపు పెట్టి కూర్చున్నాడు. చుట్టు తిరిగే పని చిన్నాయన ఎత్తుకున్నాడు. చిన్నాయన అంటే నాయన తమ్ముడు. మంచి గొంతు, మంచి మనిషి. పాపం, ఎంతసేపు తిరిగినా, ఎంత బతిమాలినా బొల్లి పండుకోలేదు. అది నిలబడితే మందంతా నిలబడింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ, చిన్న సద్దుకే బెదురుతూ. ఒక సందె వేళ గుంపుగా వల తొక్కుకొని పోయాయి. చెదిరిన వాటిని చిన్నాయన పోగుచేసుకొచ్చేలోపల తోడేలు ఒక పిల్లను ఎత్తుకుపోయింది.

"జీవాలకు నీ గొంతే అలవాటన్నా. అది లేకుంటే నిలబడవు" అన్నాడు చిన్నాయన, నాయన ముఖం చూడలేక పొయ్యి వైపు చూస్తూ. "సంతలో ఒకాయన మందంతా తీసుకుంటానన్యాడు. అమ్మేద్దాం. నేను హిందూపురంలో మిల్లు పనికి పోతా. నువ్వు ఇంటి కాడ సుకంగా ఉండు."

నాయన తల ఊపాడు. కోపం లేదు, ఏడుపు లేదు, ఊరికే సరేనన్నట్టు ఊపాడు. నేను ఆయన ఎదురుగా కూర్చొని చూశాను. ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు. గుక్క తిప్పుకోకుండా ఏడ్చాను. అమ్మ చంకలో ఉన్న తమ్ముడు నన్ను చూసి వాడూ అందుకున్నాడు.

అవ్వ మా ఇద్దరినీ గదిమి, కొంగుతో చేతులు తుడుచుకొని అంది: "హిందూపురంలో మాట్లాడే పెట్టెలు అమ్ముతారంట గదా. ఒకటి కొందాం."

చిన్నాయనకు నవ్వు వచ్చింది. "రేడియోనా? గొర్రెలకా?"

"నవ్వేకేముండాదిరా? సంతకూ సంతకూ మధ్య ఒక వారం ఉండాది. ఆ వారం సూడు. అప్పటికీ జీవాలు నిలబడకుంటే తోలుకపోయి అమ్ముకో, నేను అడ్డం రాను."

అట్లా మంద బతుకు ఒక వారానికి కుదిరింది. ఆ తర్వాతే బొల్లిని వెంట తీసుకుపోవాలన్న మాట వచ్చింది. ఎందుకని అడిగితే అవ్వ నా తెలివితక్కువతనానికి ఆశ్చర్యపోయింది. "ఎవరు వినేకి కొంటామో వాళ్ళు గదా చెప్పాల, బాగుండాదో లేదో?"

సంత రోజున గొర్రెను బజారులో నడిపిస్తే ఊరుకునేదెవరు? అడుగడుగునా ఎవరో ఒకరు అడ్డం వచ్చి బొల్లి నడుము మీద చెయ్యి వేసి పిసికి చూసేవాళ్ళు. "ఎంతకిస్తావవ్వా? దుడ్లు ఇప్పుడే ఇస్తా." "ఇచ్చేది గాదప్పా" అని అవ్వ, "మరి సంతకెందుకు తోలుకొస్తివి?" అని వాళ్ళు. ఒకాయన మరీ వెంటపడితే అవ్వ నిలబడి, "దీనికి నేను రేడియో కొనిపెడతాండా. నీకెట్ల ఇస్తాననుకొంటివి?" అంది. ఆయన పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు. నేను నాయన వెనక దాక్కున్నాను.

షాపతను గొర్రెను లోపలికి రానివ్వలేదు. మెట్టు మీద నిలబెట్టమన్నాడు. ముందు పెద్ద రేడియో ఒకటి తెచ్చి, బేరం తెగాలని కాబోలు, గట్టిగా సినిమా పాట పెట్టాడు. బొల్లి తాడు తెంపుకొని పోబోయింది.

"ఏమవ్వా, పాట బాగల్యా?"

"పాటలు వద్దప్పా మాకు. మాట్లాడేది కావాల."

"వార్తలా?"

"ఏదన్నా సరే. మనిషి మెల్లగా మాట్లాడతాండాల. అరవగూడదు."

అతను ఇంకో రేడియో తెచ్చి దాని చెవి దగ్గర పెట్టాడు. ఎవరో మగాయన వార్తలు చదువుతున్నాడు. బొల్లి మెట్టు మీద ఉచ్చ పోసింది. షాపతను మా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంతలో నాయన అలమర కింది అరలో ఉన్న చిన్న రేడియో వైపు వేలు చూపించాడు. తోలు సంచి, భుజానికి తగిలించుకునే పట్టె. అది అంతకుముందు ఎవరో వాడి ఇచ్చేసినదట. నాయన దాన్ని తానే చేతిలోకి తీసుకొని, మెట్టు మీద బొల్లి పక్కన కూర్చొని, బెదురుతున్న దాని మెడ నిమురుతూ మీట తిప్పాడు. బెంగళూరు నుంచి వచ్చే కన్నడం దొరికింది. ఒకావిడ రాగి పైరు గురించి రైతులకు చెబుతోంది. పక్కింటావిడకు చెప్పినట్టు, తొందర లేని గొంతు. బొల్లి ఆయన మోకాలికి ఆనుకొని నిలబడింది. కాసేపటికి దాని దవడ కదిలింది.

"నెమరేసింది" అంది అవ్వ. "ఇదే. కట్టియ్యప్పా."

"అది కన్నడం గదవ్వా?" అన్నాను నేను.

"దానికి తెలుగొచ్చని నీకెవరు చెప్పినారు?" అంది.

చేలోకి వచ్చాక రేడియో చిన్నాయన భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసేసరికి ఆ కన్నడావిడ మాయమై గరగర మిగిలింది. పెట్టెను ఏ దిక్కుకు తిప్పి పట్టుకుంటే గొంతు వస్తుందో దారి పొడుగునా చూసుకుంటూ వచ్చింది నాయన ఒక్కడే. ఇక తప్పేదేముంది, ఆయనే లేచాడు. కుడి చేత్తో రేడియోను గుండెకు ఆనించుకొని, ఎడమ చెయ్యి నడుము వెనక పెట్టుకొని మంద చుట్టూ బయలుదేరాడు. మలుపు తిరిగినప్పుడల్లా గొంతు సన్నబడేది, ఆయన పెట్టెను కాస్త తిప్పితే మళ్ళీ వచ్చేది. చుట్టు పూర్తయ్యేసరికి బొల్లి పండుకుంది. అమ్మ కుండ దింపింది. చాలా రోజుల తర్వాత ఆ సందె మేము వేడి సంగటి తిన్నాం.

మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఆవిడ లేకపోతే ఇంకొకాయన, ధరవరలో ధర్మసందేహాలో, కన్నడం మాట్లాడుతూ ఉంటే మా మంద హాయిగా నెమరు వేసేది. "మన జీవాలు ఇంక కన్నడపోళ్ళొచ్చే మడకశిర సంతకు కూడా పనికొస్తాయి, బాస వచ్చేసింది" అని చిన్నాయన వేళాకోళం చేసేవాడు. కానీ వారం గడువు మాట మాత్రం వదల్లేదు. మేము పెనుకొండ గుట్టల దిక్కుకు నడుస్తున్నాం.

గడువు రేపటితో తీరుతుందనగా గుట్ట పక్కనే ఉన్న చేలో దిగాం. పొద్దు గుట్ట వెనక్కు జారింది. నాయన రేడియో తిప్పాడు. గరగర తప్ప ఏమీ లేదు. పెట్టెను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తల మీదికి ఎత్తాడు. గుట్ట అడ్డం. ఒక్క మాట రాలేదు. మంద నిలబడే ఉంది. బొల్లి తల ఎత్తి ఆయన వైపే చూస్తోంది. నాయన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన తల దించుకున్నాడు. అంతా అయిపోయిందని నాకు అర్థమైంది. రేపు సంత.

ఏం చేయాలో తోచకనో, చేసేదేదో చేసి ముగిద్దామనో, నాయన ఆ గరగరనే గుండెకు ఆనించుకొని మంద చుట్టూ నడిచాడు. ఎప్పటి నడకే. ఆయన బొల్లి పక్కకు వచ్చినప్పుడు అది ముందు కాళ్ళు మడిచింది. తర్వాత వెనక కాళ్ళు. దాని వెంట దాని పక్కవి, వాటి వెంట మిగతావి. నాయన చుట్టు ముగించేసరికి నిలబడిన జీవం లేదు.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "అది ఆపు" అంది.

నాయన మీట తిప్పి గరగర ఆపేశాడు. అప్పుడు వినిపించింది మందంతా నెమరు వేస్తున్న సద్దు. ఎన్నో దవడలు ఒకేసారి మెల్లగా నూరుతున్న సద్దు. అంతకుముందు నేను దాన్ని ఎప్పుడూ చెవిపెట్టి వినలేదు.

"ఇంకొక చుట్టు తిరుగు" అంది అవ్వ.

రేడియో లేకుండా, మాట లేకుండా, నాయన తిరిగాడు. ఒక్కటీ లేవలేదు.

"ఓరి నా కొడుకా, వాటికి కావాల్సింది గొంతు గాదురా. నువ్వు. నువ్వు పోయి పొయ్యి కాడ వీపు పెట్టి కూర్చుంటే అవెట్ల పండుకుంటాయి?" అంది అవ్వ. నాయన నవ్వాడు. సద్దు లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నాయన కంబడి దులిపి పరుచుకుంటూ, "రేపు సంతకు పోయేది ల్యాదులే. వదినా, ముద్ద పెట్టు" అన్నాడు.

షాపు మెట్టు మీద కూడా బొల్లి నెమరు వేసింది కన్నడావిడ గొంతుకు కాదు, మెడ మీద నాయన చెయ్యి ఉండబట్టే. ఇంతమందిమి ఉండీ, పుట్టినప్పటి నుంచి జీవాలతో ఉన్నవాళ్ళం, ఆ చిన్న సంగతి కనిపెట్టలేకపోయాం. అట్లాగని రేడియో దండగైందని నేను అనను. జీవాలకు అది అక్కర్లేదు. అక్కర ఉన్నది నాయనకు. మాట పోయిన మనిషి మళ్ళీ లేచి నడవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. గొర్రె చేత రేడియో ఎంచడం తప్పని అవ్వ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. బొల్లి సరైనదాన్నే ఎంచిందని వాదించేది. ఆలోచిస్తే ఆ మాటా నిజమే. మంద ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది. నాయన రోజూ ఆ రేడియో గుండెకు ఆనించుకొనే తిరిగేవాడు, వినడం ఆయనకు ఇష్టమైపోయింది. ఆ కన్నడం చెవిన పడీ పడీ నాకూ అబ్బింది. పెద్దయ్యాక మడకశిర వైపు బడిలో పాఠాలు చెప్పినప్పుడు అదే నన్ను ఆదుకుంది. పిల్లలు కుదురుగా లేని రోజున నేను అరిచేదాన్ని కాదు. చెయ్యి వెనక పెట్టుకొని బెంచీల మధ్య ఒక చుట్టు తిరిగేదాన్ని.

ఇప్పుడు మందలు తగ్గాయి. కాసేవాళ్ళ జేబుల్లో ఫోన్లున్నాయి, చేలకు ఇనుప కంచెలొచ్చాయి, ఎరువు సంచుల్లో వస్తోంది. అయినా రెండు మూడేళ్ళుగా రొద్దం దిక్కు రైతులు మళ్ళీ మంద కావాలని అడుగుతున్నారట, నేల చవుడు తేలుతోందని. వింటే సంతోషంగా ఉంటుంది. అప్పట్లో మేము రాళ్ళు రువ్వి తరిమిన తోడేళ్ళను బతికించాలని ఇప్పుడు మా ఇంటి పిల్లే గుడారం వేసుకొని కూర్చోబోతోంది. అవ్వ ఉంటే ముందు నెత్తి కొట్టుకునేది. తర్వాత, కప్పుకునేకి కంబళ్ళు చాలినన్ని ఉండాయా అని అడిగేది.

"అత్తా, నిద్రపోతాండావా?" అంది కల్పన. బల్ల మీద మూడు రేడియోలు పక్కకు పోయాయి. ఒకటి దగ్గరి స్టేషన్లు తప్ప పట్టదట, ఒకటి కరెంటుకు పెట్టి ఛార్జ్ చేయాలట, ఒకటి బరువట. మిగిలింది మామూలుది. తిప్పే మీట, పెన్సిల్ బ్యాటరీలు, భుజానికి పట్టె. షాపులో ట్యూబులైట్ల కింద అది గరగరమంటోంది. "బయట బాగొస్తుంది మేడమ్" అన్నాడు షాపతను.

కల్పన దాన్ని తీసుకొని వీధిలోకి దిగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నిలిపి ఉన్న ఆటోల చుట్టూ, స్కూటర్ల చుట్టూ మెల్లగా నడిచింది. పెట్టెను ఈ దిక్కుకు కాస్త, ఆ దిక్కుకు కాస్త తిప్పుతూ, గుండెకు ఆనించుకొని. ఎడమ చెయ్యి దానంతటదే నడుము వెనక్కు పోయింది. ఈ పిల్ల పుట్టేసరికి నాయన లేడు. ఆయన నడక ఈమెకు ఎవరూ నేర్పలేదు. నాకు కళ్ళు మసకబారాయి. తమ్ముడి ముందు దాచుకున్న బెదురు ఆ వీధిలోనే ఎక్కడో రాలిపోయింది.

"దొరికిందా?" అని కేక వేశాను.

"ఇంకా లేదత్తా. గరగరే వస్తాండాది" అంది, నడక ఆపకుండా.

నేను షాపతని వైపు తిరిగాను. "ఇదే. కట్టియ్యప్పా" అన్నాను.